కొలత స్టాఫ్ పట్టని చేతికి సివిల్ డిగ్రీ

సంపాదకుల వారికి నమస్కారం.

మా మనవరాలు సివిల్ బీటెక్ చివరి సంవత్సరం చదువుతోంది. కిందటి నెల ఒక ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎక్కడో ఒక నిర్మాణ సంస్థలో నెలల తరబడి పని నేర్చుకున్నట్టు అందులో రాసి ఉంది. ఆ నెలలన్నీ పిల్ల కర్నూలులో మా ఇంట్లోనే ఉంది. ఇదేమిటమ్మా అంటే, "డబ్బు కడితే పంపిస్తారు తాతా, మా క్లాసులో చాలామందివి ఇలాంటివే" అంది. తల వంచుకునే అంది, ఆ మాట దాచకూడదు.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి 2013లో రిటైరయ్యాను. నాది పాతకాలపు డిప్లొమా. డిగ్రీ లేనివాడికి డిగ్రీ చదువు సంగతి ఎందుకని ఎవరైనా అంటే కాదనను. కానీ కొత్తగా చేరిన ఇంజనీర్లకు లెవెల్ (నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) బిగించడం చూపించినవాణ్ని నేనే.

కౌన్సెలింగ్ రోజుల్లో తల్లిదండ్రులు అడిగేదంతా గుమ్మం దాటడం గురించే. ఇంటర్‌లో ఎంపీసీ, ఈఏపీసెట్ ర్యాంకు. లేదంటే పదో తరగతి మీద పాలిసెట్, మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరడం. మా పిల్ల వచ్చింది ఈ దారినే. నాలుగేళ్ల బీటెక్‌కు 160 క్రెడిట్లు ఉండాలన్నది చాలామందికి తెలుసు. అందులో వేసవి ఇంటర్న్‌షిప్‌లు, చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ కూడా తప్పనిసరి అన్నది కాగితం అవసరమైనప్పుడే గుర్తొస్తుంది.

కోపం ఆపుకోలేక, తెలిసిన సర్వేయరు దగ్గర ఆటో లెవెల్, దానితో చూసి చదివే గీతల కొలత కర్ర స్టాఫ్ అరువు తెచ్చి, ఒక ఆదివారం పిల్లను కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టుకు తీసుకెళ్లాను. వినాయక ఘాట్ మెట్టు ఒకదాన్ని బెంచ్‌మార్క్ (ఎత్తు తెలిసిన గుర్తు) అనుకుని, గట్టు వెంట అర కిలోమీటరు వెళ్లి, మళ్లీ అదే మెట్టుకు తిరిగి రమ్మన్నాను. బ్యాక్‌సైట్ల (వెనక చోటు మీది రీడింగుల) మొత్తంలోంచి ఫోర్‌సైట్ల (ముందు చోటు మీది రీడింగుల) మొత్తం తీసేస్తే సున్నా రావాలని పిల్లకు కంఠతా వచ్చు. నాలుగు సెంటీమీటర్లు తేడా వచ్చింది. లెక్క మూడుసార్లు కూడింది. లెక్కలో తప్పు లేదు. స్టాఫ్ రెండో ముక్క పైకి లాగినప్పుడు క్లిప్పు సరిగా పడలేదు, అంతే! తొమ్మిది మంది ఒక్క పరికరం చుట్టూ నిలబడే ల్యాబులో ఆ క్లిప్పు టక్కుమనడం ఎవరికి వినిపిస్తుంది? కిలోమీటరుకు వాలును సెంటీమీటర్లలో లెక్కించే కాలువ ఇది. 1863లో మొదలుపెట్టి 1870 నాటికి తవ్వారు, కంప్యూటర్ లేకుండా.

2009 అక్టోబరు వరద తర్వాత ఇళ్ల గోడల మీద బురద గీతల ఎత్తు తీసే పనిలో నేనూ తిరిగాను. అలాంటి రోజున ఈ నాలుగు సెంటీమీటర్లు ఎవరి ఖాతాలో వేస్తారు? డిగ్రీతో ఏఈఈగా (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా) చేరినవారు ఎం.బుక్కులో (పని కొలతల పుస్తకంలో) కొలతలు రాస్తే వాటి మీదే బిల్లులు నడుస్తాయి. బలం పరీక్షకు 150 మిల్లీమీటర్ల క్యూబులో కాంక్రీటు మూడు పొరలుగా వేసి, పొరకు కడ్డీతో 35 పోట్లు పొడవాలని పుస్తకంలో ఉంది. పొడిచే మనిషి ఇరవైకే ఆపేస్తే పట్టుకోవాల్సింది ఈ పిల్లలే.

నా మనవి ఒక్కటే. ఇంటర్న్‌షిప్‌కు సర్టిఫికెట్ బదులు ఫీల్డ్ బుక్ (పని చోట కొలతలు రాసుకునే పుస్తకం) అడగండి. విద్యార్థి చేతిరాతతో, తేదీ, చోటు వేసి, రోజువారీగా ఆ సెక్షన్ ఇంజనీరు సంతకం ఉన్నది. కాలువల సబ్ డివిజన్లు, ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్, మున్సిపాలిటీ, ఎక్కడ పని జరుగుతుంటే అక్కడ కొద్దిమందిని తీసుకోమని ప్రభుత్వం ఆదేశించాలి. "పిల్లలకు దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది" అని అధికారులు అంటారు. సర్వీసులో ఉండగా నేనూ అదే అన్నాను, ఇద్దరు విద్యార్థులను వెనక్కి పంపాను కూడా. హెల్మెట్, బీమా కాలేజీ ఇప్పించాలని షరతు పెడితే ఆ సాకు పోతుంది.

ఫీల్డ్ బుక్‌లో తప్పు రీడింగును రబ్బరుతో చెరపకూడదు, గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. మా మనవరాలి మొదటి పేజీ నిండా గీతలే. అలాంటి పేజీ చూసి మార్కులు తగ్గించవద్దని కూడా ఆ ఆదేశంలో చేర్చండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
కర్నూలు