వార్షిక నివేదిక: పడవ ఇంజిన్‌కు అదనపు బలం – నైట్రస్ ఆక్సైడా, సూపర్‌ఛార్జరా?

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒక్కటే. ఉన్న పెట్రోలు ఇంజిన్‌ను మార్చకుండా పడవకు మరింత బలం కావాలంటే నైట్రస్ ఆక్సైడ్ (బండలో నింపుకుని ఇంజిన్‌లోకి వదిలే, ఆక్సిజన్ ఎక్కువున్న వాయువు) పెట్టుకోవాలా, సూపర్‌ఛార్జర్ (ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ గాలిని ఒత్తి లోపలికి పంపే యంత్రం) బిగించుకోవాలా? ఈ ఏడాది నెలవారీ సమావేశాల్లో అధిక భాగాన్ని కార్యవర్గం ఈ ప్రశ్నకే కేటాయించింది. సభ్యత్వాల పునరుద్ధరణ, లైఫ్ జాకెట్ల తనిఖీ యథావిధిగా జరిగాయి. జమాఖర్చుల పత్రాన్ని విడిగా జతచేశాం కనుక ఆ వివరాలు ఇక్కడ రాయడం లేదు.

మేము వచ్చిన నిర్ణయం ముందే చెబుతాను. పడవను గంటల తరబడి నడిపేవారికి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్లేవారికి సూపర్‌ఛార్జరే తగినది. నైట్రస్ కొద్ది క్షణాల పరుగుపందేనికి మాత్రమే పనికొస్తుంది. అది కూడా కింద రాసిన జాగ్రత్తలన్నీ పాటించినప్పుడే.

కార్ల విషయంలో నైట్రస్ గురించి చెప్పే మంచిమాటలు పడవకు అలాగే వర్తించవు. కారు వేగం అందుకున్నాక ఇంజిన్‌కు కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. పడవకు అది లేదు. నీటి మీద ప్రయాణమంటే ఎప్పుడూ ఎగువకు బరువు లాగుతున్నట్టే. ప్రొపెల్లర్ కోరే శక్తి దాని తిరుగుడు వేగపు ఘనంతో పాటు పెరుగుతుంది. అంటే ఇంజిన్ 10 శాతం ఎక్కువ తిరగాలంటే సుమారు 33 శాతం ఎక్కువ శక్తి కావాలి. నాలుగున్నర కిలోల నైట్రస్ బండ 100 హార్స్‌పవర్ చొప్పున అందిస్తూ పోతే సుమారు రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆ తరువాత మన ఇంజిన్ మన దగ్గరే ఉంటుంది, బండ బరువు అదనం.

అలాగని నైట్రస్ గొప్పతనాన్ని తక్కువ చేయడం లేదు. గాలిలో బరువు ప్రకారం ఆక్సిజన్ సుమారు 23 శాతమైతే నైట్రస్ ఆక్సైడ్‌లో 36 శాతం. ఇంజిన్ సిలిండర్‌లోని వేడికి ఆ అణువు విడిపోయి ఆక్సిజన్‌ను వదులుతుంది, ఆ మేరకు అదనంగా పెట్రోలు మండించవచ్చు. ద్రవరూపంలో వచ్చే నైట్రస్ మైనస్ 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి లోపలికి వెళ్లే గాలిని చల్లబరిచి చిక్కబరుస్తుంది కూడా. దీన్ని తిప్పడానికి బెల్టు అక్కర్లేదు. ఇంజిన్ దగ్గర పైసా అప్పు చేయకుండా బలం ఇస్తుంది.

చిక్కంతా అది ప్రవహించే తీరులో ఉంది. సాధారణ అమరికలో ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతున్నా నైట్రస్ ఒకే ధారగా వస్తుంది. నిమిషానికి 5000 తిరుగుళ్ల దగ్గర 100 హార్స్‌పవర్ అంటే 142 న్యూటన్ మీటర్ల అదనపు టార్క్, అంటే మెలితిప్పే బలం. అదే 100 హార్స్‌పవర్ 3000 దగ్గర అందితే 237. నైట్రస్ మీట ముందుగా నొక్కితే ఆ దెబ్బంతా పిస్టన్ల మీద, గేర్ల మీద పడుతుంది. ఇక అల మీద పడవ ఎగిరి ప్రొపెల్లర్ గాలిలోకి వచ్చిందనుకోండి, భారం ఒక్కసారిగా పోయి ఇంజిన్ అదుపు తప్పి తిరుగుతుంది, నైట్రస్ మాత్రం ఆగదు. అందుకే థ్రాటిల్ (ఇంజిన్‌కు గాలిని వదిలే మూత) పూర్తిగా తెరిచినప్పుడే, తిరుగుడు వేగం నిర్ణీత హద్దుల మధ్య ఉన్నప్పుడే పనిచేసే స్విచ్చులు రెండూ తప్పనిసరి.

ఒక సభ్యుడు తన ఇంజిన్ నుంచి తీసిన పిస్టన్‌ను వర్షాకాలం సమావేశానికి తెచ్చారు. దాని అంచు ఒక పక్క మైనం కారినట్టు కరిగి, పై రింగు అందులో అతుక్కుపోయి ఉంది. కారణం వెతికితే, నైట్రస్‌తో పాటు అదనపు పెట్రోలును పంపే కవాటం ముందున్న చిన్న జల్లెడలో మడ్డి పేరుకుని కనిపించింది. నైట్రస్ వచ్చింది, పెట్రోలు రాలేదు, దాంతో లోపలి వేడి హద్దు దాటింది. చిటికెన వేలి గోరంత జల్లెడ మూసుకుపోయినందుకు పూర్తి ఇంజిన్ విప్పాల్సి వచ్చింది. ఆ పిస్టన్‌ను ఆయన సంఘానికే ఇచ్చారు, కార్యాలయం బల్ల మీద ఉంచాం. దయచేసి అందరూ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.

సూపర్‌ఛార్జర్ కథ చాలా పాతది. రూట్స్ సోదరులు 1860లో పేటెంట్ పొందిన గాలియంత్రం వాహనాల కోసం పుట్టింది కాదు. తరువాతి కాలంలో అదే పద్ధతి ఇంజిన్ల మీదికి ఎక్కింది. 1932లో అమెరికా పడవ పందేల వీరుడు గార్ వుడ్ నడిపిన పందెపు పడవ మిస్ అమెరికా టెన్‌లో సూపర్‌ఛార్జర్ ఉన్న ప్యాకార్డ్ ఇంజిన్లు నాలుగు ఉండేవి. ఆ పడవ గంటకు 124 మైళ్లు దాటింది. 2004లో వచ్చిన మెర్క్యురీ వెరాడో అవుట్‌బోర్డ్ (పడవ వెనుక బయట బిగించే) ఇంజిన్లు సూపర్‌ఛార్జర్‌తోనే తయారయ్యాయి. రోజువారీ వాడకానికి ఇది నిలుస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదని నా నమ్మకం.

దీనికి శత్రువు వేడి. మా సభ్యులు నల్లబల్ల మీద వేసిన లెక్క ఇది. 30 డిగ్రీల గాలిని 7 పీఎస్ఐ (మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు సగం) మేర అదనంగా ఒత్తితే, సామాన్యమైన రూట్స్ యంత్రంలో అది 90 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడి గాలి వ్యాకోచించడం వల్ల ఇంజిన్‌కు అందే గాలి 23 శాతమే పెరుగుతుంది. దాన్నే ఇంటర్‌కూలర్‌తో, అంటే ఒత్తిన గాలిని చల్లబరిచే పరికరంతో, 45 డిగ్రీలకు దించితే పెరుగుదల 40 శాతానికి చేరుతుంది. బెల్టు లాగే శక్తిని ఇందులోంచి తీసేయాలి. కారు వాళ్లు ఎదురుగాలి కోసం తంటాలు పడతారు, మనకు చల్లని నీరు పడవ కిందే ఉంది. ఉప్పునీటిలో తిరిగేవారు మాత్రం ఇంటర్‌కూలర్ తుప్పును తరచూ చూసుకోవాలి, ప్రయాణం ముగియగానే మంచినీటితో కడగాలి.

వేగం మీద ఆశలు కూడా కొంచెం తగ్గించుకోవాలి. నీటి మీద తేలి పరిగెత్తే పడవ వేగం ఉజ్జాయింపుగా శక్తి వర్గమూలంతో పెరుగుతుంది. 250 హార్స్‌పవర్‌తో గంటకు 80 కిలోమీటర్లు పోయే పడవకు 350 ఇస్తే సుమారు 95 వస్తుంది. అదైనా ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) మారిస్తేనే. సూపర్‌ఛార్జర్ బలం నిలకడగా ఉంటుంది కనుక దానికి సరిపోయే ప్రొపెల్లర్‌ను ఒకసారి ఎంచుకుంటే చాలు. నైట్రస్ ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఇంకొకటి కావాలి. నడినీటిలో మార్చలేం కదా.

అన్నిటికన్నా ముఖ్యమైనది పడవ అడుగు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నైట్రస్ కూడా గాలికి ఒకటిన్నర రెట్లు బరువు. రెండూ దిగువకే జారి అక్కడే నిలుస్తాయి. నైట్రస్ తనంతట తాను మండదు కానీ మంటను పెంచుతుంది, మూసి ఉన్న చోట మనిషికి ఊపిరి ఆడనివ్వదు. కాబట్టి బండ భద్రతా కవాటం గొట్టం పడవ బయటికి తెరుచుకోవాలి. కార్ల కోసం చేసిన రిలేలు, కవాటాల్లో నిప్పురవ్వ బయటికి రాకుండా రక్షణ ఉండదు, పడవ ఇంజిన్ గదిలో వాటిని వాడకండి. సూపర్‌ఛార్జర్ బిగించినప్పుడు గాలి మూతి దగ్గర మంటను అడ్డుకునే జాలీని మళ్లీ అమర్చారో లేదో చూడండి. ఇంజిన్ ఆన్ చేసేముందు అడుగున చేరిన ఆవిరిని బయటికి తోసే ఫ్యానును కనీసం నాలుగు నిమిషాలు తిప్పండి.

ఎండాకాలంలో ఒక చిన్న ప్రయోగం చేశాం. ఒకే బండను ముందు నీడలో, తరువాత కొద్దిసేపు ఎండలో ఉంచి తూచాం. బరువు మారలేదు, బండ ఒత్తిడిని చూపే ముల్లు మాత్రం గబగబా పైకి ఎక్కింది. లోపల ద్రవం ఉన్నంతసేపు ముల్లు ఉష్ణోగ్రతనే చెబుతుంది, మిగిలిన పరిమాణాన్ని కాదు. ఎంత ఉందో తెలియాలంటే తూచాల్సిందే. ఇంకో మాట, పడవ దూకినప్పుడు మొన లేచి ద్రవం వెనక్కి జారుతుంది. లోపలి గొట్టం కొస వెనుక అడుగున ఉండేలా బండను పెట్టకపోతే ద్రవానికి బదులు ఆవిరి వస్తుంది.

కార్యవర్గ తీర్మానాలు: సంఘ విహారాల్లో పాల్గొనే పడవల్లో నైట్రస్ బండ ఉంటే దాని కవాటం మూసి ఉంచాలి. వచ్చే ఏడాది మొదటి సమావేశం బండల తూకం, జల్లెడల శుభ్రత మీదే. బీమా పత్రంలో నైట్రస్ గురించి ఏమి రాసి ఉందో ప్రతి ఒక్కరూ చూసుకుని, దాని నకలును ఆ సమావేశానికి తీసుకురావలసిందిగా మనవి.

భవదీయుడు,
కార్యదర్శి