బోటుకి లిథియం బ్యాటరీ పెట్టించారా? ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి

సంపాదకులకు,

అమెరికాలో సొంత బోటు కొనుక్కున్న మనవాళ్లు కొందరు పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలు తీసేసి లిథియం పెట్టిస్తున్నారు. మంచిదే, బరువు బాగా తగ్గుతుంది, ఎక్కువ ఏళ్లు వస్తాయి. కానీ ఆ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఊరుకుంటే రేపు బోటు తగలబడినప్పుడు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

లిథియం అంటే అన్నీ ఒకటే కాదు. బోట్లలో ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, ఫోన్లలో ఉండే వాటికంటే వేడిని బాగా తట్టుకుంటుంది. నా భయమల్లా దాని చుట్టూ ఉండే వైరింగ్ గురించే. ఈ బ్యాటరీ ఛార్జింగ్‌లో కరెంటు ఎంత ఇస్తే అంత లాగేస్తుంది కాబట్టి మామూలు ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే జనరేటర్) వేడెక్కి కాలిపోవచ్చు, ఇంజిన్ నడుస్తుండగా బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) ఉన్నట్టుండి కనెక్షన్ కట్ చేస్తే వోల్టేజి ఒక్కసారిగా పెరిగి ఆల్టర్నేటర్ డయోడ్లు కూడా పోవచ్చు. అందుకే బోట్ల భద్రతా ప్రమాణాలు రాసే అమెరికన్ బోట్ అండ్ యాచ్ కౌన్సిల్ 2022లో లిథియం బ్యాటరీల కోసం ఈ-13 అనే ప్రమాణం తెచ్చింది. అది చట్టం కాదు గానీ, తనిఖీకి వచ్చే సర్వేయర్లు దాన్ని చూస్తారు.

కాబట్టి బిగించకముందే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, ఏజెంటు ఫోన్లో "పర్లేదండీ" అన్నాడని వదిలేయొద్దు. బ్యాటరీ బిల్లు, మోడల్ వివరాలు, ఫ్యూజుల ఫొటోలు, బిగించిన ఎలక్ట్రీషియన్ రసీదు దాచుకోండి. విడి సెల్స్ కొని ఇంట్లో ప్యాక్ కట్టుకునేవాళ్లు మరీ జాగ్రత్త, వాటికి కవరేజీ దొరకడం కష్టం.

మీ ప్రవాసుల పేజీలో దీని మీద ఒక మెరైన్ సర్వేయర్‌తో మాట్లాడించి వివరంగా వేయండి.

- ఒక పాఠకుడు, సియాటెల్