టెట్ రాస్తాం, బడికి తాళం పడకుండా రాయనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను అల్లూరి సీతారామరాజు జిల్లా పెదబయలు మండలంలో ఒక ఏకోపాధ్యాయ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. డీఎస్సీ-2002లో ఉద్యోగం వచ్చింది. వయసు 47. మాకు 62 ఏళ్లకు రిటైర్మెంటు కాబట్టి ఇంకా చాలా సర్వీసు ఉంది. అందువల్ల 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నాకూ వర్తిస్తుంది. రిటైర్మెంటుకు అయిదేళ్లకు పైగా ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పాసవ్వాలి, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. అయిదేళ్లలోపు ఉన్నవారికి ఉద్యోగానికి ఢోకా లేదు కానీ ప్రమోషన్ కావాలంటే వాళ్లూ పాసవ్వాల్సిందే. మా ఉద్యోగాలు వచ్చేనాటికి టెట్ అనేదే లేదు. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) దాన్ని కనీస అర్హతగా పెట్టింది 2010లో.

పాతవాళ్లకు మినహాయింపు ఇవ్వాలని ఉపాధ్యాయ సంఘాలు అడుగుతున్నాయి. వాళ్ల బాధ నాకు తెలుసు, అది నా బాధ కూడా. అయినా ఈ ఉత్తరం మినహాయింపు కోసం కాదు. పరీక్ష కోసం చదవడం మొదలుపెట్టాక నాకు ఒకటి అర్థమైంది, అది చెప్పాలి.

ఒకరోజు బడిలో రాగిజావ పోస్తుంటే గ్లాసులు తక్కువయ్యాయి. ఆయా ఒక రెండో తరగతి పిల్లాడికి వెడల్పాటి గిన్నెలో పోసింది. పక్కవాడికి పొడుగు గ్లాసులో పోసింది. గ్లాసులో జావ పై దాకా కనిపిస్తోంది, గిన్నెలో అడుగునే ఉంది. వాడికి ఎక్కువ పోశారని వీడు ఒకటే ఏడుపు. ఇద్దరికీ ఒక్కో గరిటే పోశామని మళ్లీ కొలిచి చూపించాను. వినలేదు. మొండిఘటం అనుకుని కసిరాను. కొన్ని నెలల తర్వాత రాత్రి టెట్ పుస్తకంలో శిశు వికాసం చదువుతున్నాను. 'పదిలపరచుకునే భావన' దగ్గరకు వచ్చాను. ఆ వయసు పిల్లలకు పాత్ర మారితే లోపలి పరిమాణమే మారినట్టు తోస్తుందని మనస్తత్వవేత్త పియాజే చెప్పింది అక్కడ ఉంది. పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ పిల్లాడు మొండికేయలేదు, వాడికి నిజంగానే తక్కువ కనిపించింది. భీమిలి డైట్‌లో, అంటే ప్రభుత్వ టీచర్ శిక్షణ సంస్థలో, టీటీసీ చదివినప్పుడు ఇదంతా మార్కుల కోసం బట్టీ పట్టాను. ఇరవై ఏళ్లు పిల్లల మధ్య గడిపాక చదివితే ప్రతి పేజీలో ఎవరో ఒక పిల్లాడు కనిపిస్తున్నాడు. ఇప్పుడు మా బడిలో గ్లాసులో నీళ్లు గిన్నెలోకి, గిన్నెలోవి గ్లాసులోకి వాళ్ల చేతే పోయిస్తున్నాను.

కాబట్టి చదవమంటే నాకు సంతోషమే. చదివే వీలు కల్పించమనే అడుగుతున్నాను.

మా బడిలో అయిదు తరగతులకూ నేనొక్కదాన్నే. పిల్లలు ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. ఒకటో తరగతికి వచ్చినవాళ్లకు తెలుగు అక్షరం కంటే ముందు తెలుగు మాట నేర్పాలి. ఆ పని, ఆన్‌లైన్ హాజరు, భోజనం లెక్కలు, ఫొటోల అప్‌లోడ్ అన్నీ అయ్యి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఫొటోలు వెళ్లాలంటే సిగ్నల్ కోసం గట్టు ఎక్కాలి, ఆన్‌లైన్ క్లాసులు వినమంటే ఎక్కడ వినాలి? పట్నంలో కోచింగ్ సెంటర్లున్నాయి, పక్క సెక్షన్ చూసే తోటి టీచర్లున్నారు. మాకు ఆ రెండూ లేవు. నాకు లెక్కలు మళ్లీ గుర్తుచేసింది, ఎవరిదో పాత ల్యాప్‌టాప్ తెచ్చి మౌస్ పట్టుకోవడం నేర్పింది నా దగ్గర అఆలు దిద్దుకున్న ఒక అబ్బాయి. టీచర్ శిక్షణ (డీఈడీ) చేసి డీఎస్సీకి చదువుకుంటున్నాడు.

మొన్న డిసెంబరులో పరీక్షకు వెళ్లాను. సెంటర్ విశాఖ శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పడింది. పాడేరు నుంచే వంద కిలోమీటర్లకు పైన, మా ఊరి నుంచి పాడేరు రావడం మరో ప్రయాణం. పరీక్ష ఉదయం పూట. ఆ చలిలో, మంచులో తెల్లవారుజామున బయల్దేరి ఘాట్ దిగి అందుకోవడం కుదిరే పని కాదు కాబట్టి ముందురోజే వెళ్లాను. నా బదులు సీఆర్ఎంటీని (టీచర్ లేని రోజు బడికి పంపే క్లస్టర్ టీచర్‌ని) పంపమని ముందే రాసిచ్చాను. ఆ రోజు ఆ టీచర్‌ని ఇంకో ఏకోపాధ్యాయ పాఠశాలకు వేశారు. అక్కడి మేడమ్‌కీ టెట్టే. మా బడికి రెండు రోజులు తాళం పడింది. బయల్దేరుతుంటే ఒక తల్లి "టీచరమ్మా, రేపు కూడా బడి లేదా?" అని అడిగింది. బస్సులో ఉన్నంతసేపూ అదే మాట చెవిలో మోగింది.

150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. పాఠాలు అయిదో తరగతి దాకావే అయినా ప్రశ్నల లోతు హైస్కూల్ స్థాయికి వెళ్తుంది. ఎస్టీలకు పాస్ మార్కులు 60. నాకు 57 వచ్చాయి. శిశు వికాసం బాగా రాశాను. దెబ్బకొట్టింది ఇంగ్లిష్, లెక్కలు. కంప్యూటర్ ముందు టెన్షన్‌తో మొదటి పావుగంట వృథా అయింది.

ఆ మూడు మార్కులు తెచ్చుకోగలను. అయితే నాలాంటి వాళ్లు ఏజెన్సీలో చాలామంది ఉన్నారు. వాళ్ల తరఫున కూడా అడుగుతున్నాను. నెలనెలా చుట్టుపక్కల బడుల టీచర్ల క్లస్టర్ కాంప్లెక్స్ సమావేశం ఎలాగూ జరుగుతుంది, మేమంతా వస్తాం. అందులో ఒక గంట ఇంగ్లిష్‌కి, లెక్కలకి కేటాయించండి. భీమిలి డైట్ లెక్చరర్లు రెండో శనివారం, ఆదివారం పాడేరు వచ్చి క్లాసులు చెబితే మేం ఎంత దూరమైనా వస్తాం. కంప్యూటర్లున్న ఆశ్రమ పాఠశాలల్లో సాయంత్రం పూట మమ్మల్ని కూర్చోనిచ్చి నమూనా పరీక్షలు రాయించండి. ఇదేమీ కొత్త పని కాదు. 2017లో విద్యాహక్కు చట్టం సవరించి, శిక్షణ లేని టీచర్లంతా 2019 మార్చికల్లా డీఎల్‌ఈడీ (టీచర్ శిక్షణ డిప్లొమా) పూర్తి చేయాలన్నప్పుడు కేంద్ర ప్రభుత్వం ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా 13 లక్షల మందికి పైగా చేర్చుకుని, స్టడీ సెంటర్లు పెట్టి సెలవురోజుల్లో క్లాసులు నడిపింది. గడువు పెట్టినవాళ్లే దారి కూడా చూపించారు. మాకు ఇప్పటిదాకా గడువు మాత్రమే చెప్పారు.

ఒకసారి పాసైతే టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. అంటే ఒక్కో టీచర్‌కి ఈ సాయం ఒక్కసారి చేస్తే చాలు.

వచ్చే టెట్‌కి పాడేరులోనే ఒక సెంటర్ పెట్టమని ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీఓ గారిని, విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అది కుదరకపోతే, ఏకోపాధ్యాయ పాఠశాలల టీచర్లందరికీ ఒకే రోజు పరీక్ష పడకుండా వేర్వేరు రోజుల్లో వేయండి. హాల్‌టికెట్ వచ్చిన రోజే ఆ బడికి సీఆర్ఎంటీ ఎవరో ఖరారు చేసి చెప్పండి. ఆ పేరు తెలిస్తే తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టి బస్సెక్కుతాను.

ఇట్లు,
ఒక సెకండరీ గ్రేడ్ టీచర్,
పెదబయలు మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా