ఫార్మాట్ కొట్టే ముందు ‘గో బ్యాక్’ చూడండి

సంపాదకులకు నమస్కారం.

అక్కయ్యపాలెంలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, అఫిడవిట్లు టైపు చేసి ఇస్తుంటాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయిందని, చాలామందిలాగే నేనూ ల్యాప్‌టాప్‌ను 11కి మార్పించాను. తీరా కార్తీకమాసంలో పత్రికల గిరాకీ ఊపందుకున్నాక మా తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. దానికి తాళంచెవిలా యూఎస్‌బీకి పెట్టే డాంగిల్ ఒకటి ఉంటుంది, అది లేనిదే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. మార్చాక నా ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టడం మానేసింది. ఈ పాత ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు. ఆ ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ కాస్తా ఇంగ్లిష్ అక్షరాల గందరగోళంలా కనిపిస్తుంది. యూనికోడ్‌కి మారిపోవచ్చుగా అంటారు కుర్రాళ్లు. మారాలి, నిజమే. కానీ నా పాత ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి, నేను పని ఇచ్చే ప్రెస్సు వాళ్లు అడిగేదీ ఇదే.

ద్వారకానగర్‌లో ఒక సర్వీస్ షాపుకి తీసుకెళ్లాను. విండోస్ ఎప్పుడు మార్చారని కూడా అడగలేదు అక్కడి అబ్బాయి. ‘‘ఫార్మాట్ కొట్టి మళ్లీ 10 వేసేద్దాం మేడం. డేటా కావాలంటే బ్యాకప్‌కి వేరే చార్జీ’’ అన్నాడు. సీ డ్రైవ్‌లో ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే పెద్ద ఫోల్డర్ చూపించి, ముందు ఈ చెత్త తీసేస్తానన్నాడు. 2014లో హుద్‌హుద్‌కి షాపు రేకులు లేచిపోతే, తడవకుండా ఇంటికి మోసుకొచ్చి దాచుకున్న ఫైళ్లు ఇందులో ఉన్నాయి. అతని చేతిలో పెట్టబుద్ధి కాక తిరిగి తెచ్చేసుకున్నాను.

ఆ చెత్తే కీలకమని మా మేడ మీద అద్దెకున్న ఇంజినీరింగ్ అబ్బాయి చెప్పాడు. పాత విండోస్ మొత్తం ఆ ఫోల్డర్‌లోనే ఉంటుందట. అది ఉన్నంతవరకు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ తెరిస్తే ‘గో బ్యాక్’ అనే బటన్ పనిచేస్తుంది. మన ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. 11 వచ్చాక కొత్తగా వేసుకున్న ప్రోగ్రాములు, మార్చుకున్న సెట్టింగులు మాత్రం పోతాయి. చార్జర్ పెట్టి, ముఖ్యమైనవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని అదే నొక్కాం. వంట ముగించుకుని వచ్చి చూస్తే విండోస్ 10 వచ్చేసింది, డాంగిలూ పలికింది. పైసా ఖర్చు లేదు.

ఈ అవకాశం ఉండేది మార్చిన నాటి నుంచి 10 రోజులే. తర్వాత ఆ ఫోల్డర్‌ని విండోసే తుడిచేస్తుంది. డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లకు టిక్ పెట్టి తీసేసినా అంతే సంగతులు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక ఆదేశం ఇచ్చి గడువును 60 రోజుల దాకా పెంచుకోవచ్చు గానీ, ఆ పని కూడా ఆ పది రోజుల్లోపే చేయాలి. మార్చేటప్పుడు ఈ మాట చెప్పేవాళ్లేరీ? గడువు దాటితే మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. అప్పుడైనా, ల్యాప్‌టాప్‌లో అసలైన విండోస్ 10 ముందే యాక్టివేట్ అయి ఉంటే మామూలుగా కొత్త కీ (లైసెన్సు నంబరు) కొనక్కర్లేదు. అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) వేసి నెట్ పెడితే తనే యాక్టివేట్ అవుతుంది. కీ పేరుతో బిల్లు వేస్తే అడగండి.

వెనక్కి వచ్చాక భద్రత మాటేమిటని టెన్షన్ పడేవాళ్లకు ఇంకో సంగతి. ఇళ్లలో వాడేవాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే దానికి నమోదు చేసుకోవాలి. నేనైతే పత్రికల పని చేసే ల్యాప్‌టాప్‌కి నెట్ తీసేశాను, బ్యాంకు పనులు ఫోన్లోనే చేసుకుంటున్నాను.

సర్వీస్ షాపుల వాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఫార్మాట్ అనే ముందు ‘ఎప్పుడు మార్చారండీ’ అని అడగండి. మీ పత్రిక కూడా ఈ పది రోజుల గడువు గురించి బొమ్మలతో సహా ఒకసారి వేస్తే, నాలాంటి చిన్న షాపుల వాళ్లకు ఉపయోగంగా ఉంటుంది.

– ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం