ట్రాక్ డేకు బ్రేకులు: మా వర్క్‌షాప్‌లో మారిన పద్ధతి

మా వర్క్‌షాప్‌ను నమ్మి కార్లు అప్పగిస్తున్న మీ అందరికీ నమస్కారం. సొంత కారును రేస్ ట్రాక్‌పై వేగంగా నడుపుకునే ట్రాక్ డే కోసం గత సీజన్‌లో మేము సిద్ధం చేసి పంపిన ఒక కారుకు, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని రేస్ ట్రాక్‌పై ఆరో ల్యాప్‌లో బ్రేక్ పెడల్ నేల దాకా దిగిపోయింది. నడుపుతున్నవారు పెడల్‌ను పదేపదే తొక్కుతూ, గేర్లు తగ్గిస్తూ పక్కనున్న మట్టిలోకి తిప్పి ఆపగలిగారు. వారికి దెబ్బ తగల్లేదు, కారుకు ముందు బంపర్ మాత్రమే పోయింది. తప్పు మాది. ఆ ఖర్చు మేమే భరించాం, తీసుకున్న మజూరీ తిరిగి ఇచ్చేశాం. అంతటితో ఊరుకోకుండా, అసలు ఏం జరిగిందో మిగిలినవారికి కూడా చెప్పడం మా బాధ్యత అనుకుని ఇది రాస్తున్నాను.

అది 374 హార్స్‌పవర్ బీఎండబ్ల్యూ ఎం340ఐ. దానికి కొత్త ప్యాడ్‌లు (చక్రంతో పాటు తిరిగే డిస్కును ఇరువైపులా నొక్కి పట్టేవి) వేశాం, డిస్కుల మందం కొలిచి చూశాం, బ్రేక్ ఆయిల్ కూడా మార్చాం. అయితే ఆ ఆయిల్ అప్పుడే సీలు తీసిన డబ్బాలోది కాదు; వానలు మొదలుకాకముందు మూత తీసి, సగం వాడి, బీరువాలో దాచిన డబ్బాలోది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. బ్రేక్ ఆయిల్‌కు ఉన్న డాట్ 4 అనే ప్రమాణం ప్రకారం తేమ చేరని ఆయిల్ 230 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదు. అందులో సుమారు 3.7 శాతం నీరు చేరితే అదే హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. రేసింగ్ ఆయిల్‌కు కూడా తేమ తగిలితే ఇదే తీరు. ఆయిల్ మరిగినప్పుడు కాలిపర్ (ప్యాడ్‌లను డిస్కుకు నొక్కే భాగం) లోపల ఆవిరి బుడగలు పుడతాయి, ద్రవంలా కాక ఆవిరి ఒత్తిడికి కుదించుకుపోతుంది కనుక మన కాలి బలమంతా ఆ బుడగలను నలపడానికే ఖర్చయి ప్యాడ్ దాకా చేరదు. దీనికి తోడు, కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ పెట్టి, గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్ వాల్వులను తెరిపించి లోపలి పాత ఆయిల్‌ను తీయవలసి ఉండగా మేము నాలుగు చక్రాల దగ్గర మాత్రమే తీశాం. ఏబీఎస్ పనిచేసినప్పుడల్లా లోపల మిగిలిన ఆ పాత ఆయిల్ కొత్తదానితో కలుస్తూ వచ్చింది.

"రోడ్డు మీద ఇంత బాగా పడే బ్రేకులు ట్రాక్ మీద ఎందుకు చాలవు?" అని చాలామంది అడుగుతుంటారు. కారు బరువు ఏదైనా సరే, గంటకు 200 కిలోమీటర్ల వేగం నుంచి 80కి తగ్గించడానికి బ్రేకులు మింగవలసిన శక్తి, 60 నుంచి పూర్తిగా ఆపడానికి కావలసినదానికి తొమ్మిది రెట్లకు పైనే ఉంటుంది. ఊళ్లో సిగ్నల్ దగ్గర ఒకసారి ఆపాక డిస్కు చల్లబడడానికి సమయం దొరుకుతుంది. ట్రాక్ మీద ప్రతి ల్యాప్‌లో ఇలాంటి బ్రేకింగ్ పలుమార్లు వస్తుంది, మధ్యలో తెరిపి ఉండదు.

ఇక నుంచి ట్రాక్‌కు వెళ్లే కారులో, తేమ లేనప్పుడు 300 డిగ్రీలు దాటాకే మరిగే ఆయిల్‌నే పోస్తాం. డబ్బా సీలును మీ ఎదుటే తీస్తాం, మిగిలిన ఆయిల్‌ను మరో ట్రాక్ కారుకు వాడం. ఏబీఎస్ యూనిట్‌ను స్కానర్‌తో ఖాళీ చేయకుండా పని ముగిసిందని చెప్పం. రోడ్డు కారుకు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చితే సరిపోవచ్చు గానీ, ట్రాక్‌కు వెళ్లే కారుకు ప్రతి ఈవెంట్‌కు ముందు మార్చమనే చెబుతాం. దీనివల్ల బిల్లు పెరుగుతుందని తెలుసు, అయినా ఈ విషయంలో బేరానికి ఒప్పుకోలేము.

ప్యాడ్‌ల విషయంలో మా సలహా మీలో కొందరికి నచ్చకపోవచ్చు. హైదరాబాద్ నుంచి చెన్నై ట్రాక్‌కు వెళ్లాలంటే ఆరు వందల కిలోమీటర్లకు పైగా హైవే మీద నడపాలి. టోల్ గేట్లు, వాన, అకస్మాత్తుగా అడ్డొచ్చే పశువులు అన్నీ ఆ దారిలో ఉంటాయి. పూర్తి రేసింగ్ ప్యాడ్‌లు వేడెక్కితే గానీ సరిగ్గా పట్టవు, చల్లగా ఉన్నప్పుడు మొదటి తొక్కుకే అవి మోసం చేయవచ్చు. అందుకే రోడ్డు ప్యాడ్‌లతో వెళ్లి, ట్రాక్ ప్యాడ్‌లను డిక్కీలో పెట్టుకుని, అక్కడ ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన కార్లు నిలిపి సిద్ధం చేసుకునే చోట) మార్చుకోవడమే అన్నిటికన్నా మంచిదని నా అభిప్రాయం. చక్రం విప్పడం నుంచి బిగువును కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో బోల్టులు బిగించడం దాకా ఆ పనిని మా దగ్గర మీ చేత్తోనే చేయించి నేర్పిస్తాం.

కొత్త ప్యాడ్‌లను డిస్కుకు అలవాటు చేయడానికి మేము ఇంతకుముందు తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డుకు వెళ్లేవాళ్లం. వంద నుంచి ఇరవైకి, మళ్లీ వందకు, మళ్లీ ఇరవైకి అని వరుసగా బ్రేకులు వేస్తుంటే వెనక వచ్చేవారికి ఎంత ప్రమాదమో ఆలోచించి ఆ పని మానేశాం. ఇప్పుడు దాన్ని ట్రాక్ మీద మొదటి సెషన్‌లోనే, నిర్వాహకులకు చెప్పి, వేగం క్రమంగా పెంచుతూ చేయమంటున్నాం. అది అయ్యాక వేడి డిస్కుపై బ్రేక్ అదిమి పట్టి నిలబడకండి, హ్యాండ్‌బ్రేక్ వేయకండి. అలా చేస్తే ప్యాడ్ పదార్థం డిస్కుపై ఒకచోట అచ్చులా అంటుకుని తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంకరపోయిందని మా దగ్గరకు తెచ్చిన వాటిలో చాలావాటికి అసలు కారణం ఇదే.

పెద్ద డిస్కులు, కాలిపర్లు ఉండే పెద్ద బ్రేక్ కిట్లను మేము గతంలో కొంత తొందరపడి అమ్మాం. పెద్ద డిస్కు ఎక్కువ వేడిని భరిస్తుంది, నిజమే. కానీ ఏబీఎస్ పనిచేసే దాకా పాత బ్రేకులే పట్టగలుగుతున్నప్పుడు కిట్ మార్చినంత మాత్రాన కారు ఆగే దూరం తగ్గదు, ఎందుకంటే అక్కడ హద్దు టైరు పట్టుదే. ఆయిల్, ప్యాడ్‌లు, బ్రేకులను చల్లబరిచే గాలి గొట్టాలతో పని జరిగిపోయే కార్లకు కూడా మేము కిట్లు వేశాం. ఇకపై ముందు ఆ మూడూ చేసి, ఒక ట్రాక్ డే చూశాకే కిట్ మాట ఎత్తుతాం. గాలి గొట్టాన్ని కూడా డిస్కు ముఖానికి కాక నడిమధ్యకు చేరేలా అమర్చుతున్నాం, ఎందుకంటే డిస్కు లోపలి సందులు గాలిని మధ్య నుంచి అంచుకు తోస్తాయి. రంధ్రాలున్న డిస్కులకు ట్రాక్ వేడిలో ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి కనుక ట్రాక్ కార్లకు వాటిని వేయడం ఆపేశాం.

మీరు ట్రాక్ నుంచి వచ్చాక ఒక్క విషయం గుర్తుపెట్టుకుని చెప్పండి. పెడల్ మెత్తబడి కిందికి దిగిందా, లేక గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగలేదా? మొదటిది ఆయిల్ మరగడం, రెండోది ప్యాడ్ వేడికి పట్టు కోల్పోవడం. రెండింటికీ వైద్యం వేరు.

ఈవెంట్‌కు కనీసం నాలుగు రోజుల ముందు కారు ఇవ్వండి, ముందురోజు సాయంత్రం తెస్తే తీసుకోము. ప్యాడ్ సగానికన్నా తక్కువ మిగిలిన కారును ట్రాక్‌కు సిద్ధమని చెప్పి పంపము. గత సీజన్‌లో మా దగ్గర ట్రాక్ కోసం బ్రేక్ ఆయిల్ పోయించుకున్న ప్రతి ఒక్కరూ, కారు ఇప్పుడు బాగానే ఉన్నా సరే, ఒకసారి తీసుకురండి. పాతదంతా తీసి కొత్త డబ్బా ఆయిల్‌ను ఉచితంగా పోసి ఇస్తాం.