అమ్మ వీణ మళ్లీ పలుకుతోంది, ముగ్గురికి కృతజ్ఞతలు

అమ్మ వాయించిన బొబ్బిలి వీణ మళ్లీ పలుకుతోంది. దానికి కారణమైన ముగ్గురూ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి, పేర్లు లేకుండానే అందరి ముందూ దండం పెడుతున్నాను.

విజయనగరం నుంచి బెంగళూరుకి ఎండాకాలంలో లారీలో వచ్చింది. మెట్లని, అంటే తీగ నొక్కే లోహపు కడ్డీలని, పట్టి ఉంచే మైనం మెత్తబడి అవి పక్కకి జరిగాయి, తీగలు ఆనే బ్రిడ్జి మీద ఇత్తడి రేకు ఒకవైపు లేచింది, ఏ తీగ మీటినా గరగరే. బాళేపేటలో ఒక షాపువాళ్లు ఖర్చు దండగ, కొత్తది తీసుకోండి అన్నారు. ఏకాండి వీణండీ అది, కుండా దండీ కలిపి ఒకే పనసమానులోంచి తొలిచింది, ఎలా వదులుకుంటాను?

మా సంగీతం క్లాసులో అక్క నాలుగు చోట్ల అడిగి, మేళం కట్టే, అంటే వీణకి మెట్లు అమర్చే, ఒక పెద్దాయన్ని వెతికిపెట్టింది. అక్కా, నీ రుణం తీరేది కాదు.

ఆ పెద్దాయనది కోలారు వైపు తెలుగు. మల్లేశ్వరంలో మా ఇంటికే వచ్చి, చాప పరిపించుకుని కూర్చుని, పాత మైనం తీసేసి, తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కొత్తగా వేసి, 24 మెట్లూ ఒక్కొక్కటిగా నిలబెట్టారు. మెట్టు పెట్టడం, తీగ నొక్కి మీటడం, తల వంచి వినడం, వెంట్రుకవాసి జరపడం, మళ్లీ మీటడం. పన్నెండో మెట్టు దగ్గర పై షడ్జం (పై స) కుదిరేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను టెన్షన్ పడుతుంటే "తొందరపడొద్దమ్మా, చెవికి ఒప్పాల" అన్నారు. తర్వాత బ్రిడ్జి పట్టుకున్నారు. ఆ రేకు చూడ్డానికి చదునుగా ఉంటుంది గానీ కాస్త వంపు ఉంటుంది, ఆ వంపుని సన్నటి ఆకురాయితో రుద్దుతూ, మీటుతూ, గరగర పోయి నాదం నిలిచేదాకా సరిచేశారు. బ్రిడ్జి పనికి డబ్బులు ఎంత బతిమాలినా తీసుకోలేదు.

ఆ వంపు ఎందుకో చెప్పింది మా పై అంతస్తులో ఉండే ఫిజిక్సు మాస్టారు. సి.వి.రామన్ 1921లో మన తీగవాద్యాల మీద రాసిన పరిశోధన పత్రం ప్రింటు తీసి తెచ్చిచ్చారు. తీగ మీటితే ఒక్క స్వరమే కాదు, దానికి రెండింతలు, మూడింతలు వేగంతో ఊగే హార్మోనిక్సు కూడా పలుకుతాయి. అయితే మీటిన చోట ఏ హార్మోనిక్‌కి కదలిక ఉండదో అది వినపడకూడదని ఇంగ్లండు శాస్త్రవేత్త థామస్ యంగ్ చెప్పిన సూత్రం. వీణా తంబురా దానికి లొంగవని రామన్ గమనించారు, ఎందుకంటే తీగ ఆ వంపు బ్రిడ్జిని తాకుతూ వదులుతూ ఊగుతుంది. మాస్టారు మా వీణ మీదే చేసి చూపించారు, తీగని సరిగ్గా మధ్యలో మీటి, వెంటనే అక్కడే వేలు ఆనించారు. మధ్యలో కదలిక లేని హార్మోనిక్సు అసలు పలకకూడదు, కదిలేవాటిని వేలు ఆపేస్తుంది, కాబట్టి యంగ్ లెక్కన ఏమీ మిగలకూడదు, రెండింతల వేగంతో ఊగే పై షడ్జం మాత్రం స్పష్టంగా మోగుతూనే ఉంది! ఒళ్లు జలదరించింది.

ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ సైన్సు దినోత్సవానికి, పేపర్లన్నీ రామన్ గురించి రాస్తాయి, కాంతి గురించే. అది రాయాల్సిందే, 1930లో నోబెల్ వచ్చింది దానికే. కానీ ఆయన అంతకు ముందే మృదంగం మీదా పనిచేశారని, కుడి మూత మీద నల్లగా అతికించే ముద్ద, కరణి, వల్లే ఆ చర్మానికి శ్రుతి నిలుస్తుందని 1920లోనే చూపించారని ఒక్క పేరా అయినా వేస్తే, సంగీతం నేర్చుకునే పిల్లలు ఎంత సంబరపడతారో! పైగా చిన్నప్పుడు మన విశాఖపట్నంలో చదువుకున్న మనిషి.

మాస్టారూ, మీరు ఇచ్చిన కాగితాలు బైండు చేయించాను, మృదంగం పత్రం కూడా ఇస్తానన్నారు, మర్చిపోకండి.

బెంగళూరులో ఎవరింట్లోనైనా మెట్లు కదిలిన వీణ ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. పెద్దాయన్ని అడిగి, సరేనంటే నంబరు ఇస్తాను. ఆయనకి మేడమెట్లు ఎక్కడం కష్టం, లిఫ్టు లేకపోతే వీణని కిందికి దించి ఉంచండి.