వారసత్వ విభాగం వార్షిక నివేదిక: సెయింట్ ఆండ్రూస్ బ్లాక్‌ఫ్రయర్స్ ప్రార్థనాలయ శిథిలాలు

గౌరవ సభ్యులకు నమస్కారం. స్కాట్లాండ్‌లోని మన తెలుగు సంఘం వారసత్వ విభాగం ఈ ఏడాది చేపట్టిన పనుల్లో ముఖ్యమైనది, సెయింట్ ఆండ్రూస్ పట్టణంలోని బ్లాక్‌ఫ్రయర్స్ ప్రార్థనాలయ శిథిలాలను మన కుటుంబాలకు పరిచయం చేసిన యాత్ర.

బ్లాక్‌ఫ్రయర్స్ అని పిలిచే డొమినికన్ శాఖ క్యాథలిక్ సన్యాసుల మఠానికి చెందిన చర్చిలో నేడు మిగిలింది ఉత్తరం వైపు ఉండిన పక్క గది ఒక్కటే. 1525 ప్రాంతంలో కట్టిన ఆ గది చివరి గోడ మూడు పలకలుగా తిరుగుతుంది. పైకప్పును రాతి కమానులు మోస్తున్నాయి. 1559 జూన్‌లో ప్రొటెస్టెంట్ మతబోధకుడు జాన్ నాక్స్ ఈ పట్టణంలో చేసిన ప్రసంగాల తరువాత, క్యాథలిక్ చర్చిని వ్యతిరేకించిన సంస్కరణవాదులు ఇక్కడి మఠాలను ధ్వంసం చేసి సన్యాసులను వెళ్లగొట్టారు. అంత విధ్వంసంలోనూ ఈ కప్పు నిలవడం, సౌత్ స్ట్రీట్‌లో నడిచే ఎవరికైనా నేటికీ కనిపించడం మన పిల్లలను ఎంతో ఆకట్టుకున్నాయి.

శిథిలం వెనుకనే మద్రాస్ కాలేజీ అనే పాఠశాల పాత భవనం ఉంది. మద్రాసు పేరు చూడగానే పెద్దలందరూ ఆగిపోయారు. ఈ పట్టణంలోనే 1753లో పుట్టిన ఆండ్రూ బెల్, 1789 నుంచి మద్రాసులో సైనికుల పిల్లల అనాథాశ్రమాన్ని నడిపారు. అక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టారు. పెద్ద పిల్లలచేత చిన్నవారికి చదువు చెప్పించారు. ఆయన ఇచ్చిన సొమ్ముతోనే 1830లలో, వాస్తుశిల్పి విలియం బర్న్ నమూనా ప్రకారం, ఈ భవనం వెలిసింది. మన తాతముత్తాతల ఓనమాల బడికీ ఈ వీధికీ ఇంత దగ్గరి బంధం ఉందని ప్రతి సభ్యుడూ తెలుసుకోవాలని నా కోరిక. పాఠశాల 2021లో కొత్త ప్రాంగణానికి తరలిపోయింది.

ఇసుకరాయి గోడలు సముద్రపు గాలికీ తేమకూ పొరలు పొరలుగా రాలుతాయి. అందుకే ఇటువంటి కట్టడాల అతుకులకు సిమెంటు వాడకూడదనీ, సున్నపు గార అయితేనే రాయిలోని తేమ బయటికి పోతుందనీ యాత్రలో పిల్లలకు వివరించాము. కట్టడం, చారిత్రక కట్టడాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ సంరక్షణలో ఉన్నందున, గోడలెక్కడం, రాళ్లు కదపడం వంటివి ఎవరూ చేయకుండా తల్లిదండ్రులు చూసుకున్నారు.

వచ్చే ఏడాది ఈ స్థలం గురించి తెలుగులో ఒక చిన్న కరపత్రం అచ్చువేయాలని విభాగం ప్రతిపాదిస్తోంది. దాని ముసాయిదాను సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాము. సవరణలు సూచించదలచినవారు సమావేశానికి ముందే కార్యదర్శికి రాతపూర్వకంగా అందజేయగలరు.